రెండో పళ్లెం: గుండె కణాలు, క్యాన్సర్ కణాల గురించి పాఠకుల ప్రశ్నలు

క్యాన్సర్ మందులు కొందరిలో గుండెను బలహీనపరుస్తాయని గత సంచికలో ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. ఆ వాక్యం మీద నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు, నాగర్‌కర్నూలు ప్రాంతాల నుండి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఇంట్లో ఒకరు చికిత్సలో ఉన్నప్పుడు ఆ కుటుంబానికి కంటి మీద కునుకు లేకుండా చేయడానికి అలాంటి మాట ఒక్కటి చాలు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తాన్నీ ఈ విషయానికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలలోని పేర్లు, ఆసుపత్రుల వివరాలు తీసివేసి, ప్రశ్నలను క్లుప్తంగా ఇస్తున్నాను. నేను కణజీవశాస్త్ర పరిశోధకుడిని, వైద్యుడిని కాను. కణంలో ఏం జరుగుతుందో చెప్పగలను; ఎవరికి ఏ మందు ఎంత ఇవ్వాలో నిర్ణయించవలసింది మీ వైద్యులే.

ప్రశ్న (మిర్యాలగూడ నుండి ఒక పాఠకురాలు): మా అమ్మకు 52 ఏళ్లు. రొమ్ములో గడ్డకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు హైదరాబాదులో మూడు వారాలకు ఒకసారి కీమో ఎక్కిస్తున్నారు. రెండు విడతలు అయ్యాయి. మందు గులాబీ షర్బత్ లాగా ఎర్రగా ఉంటుంది. మొదలుపెట్టే ముందు గుండెకు ఎకో తీశారు, మళ్లీ తీయాలన్నారు. మా మేనమామ "క్యాన్సర్ తగ్గేలోపు గుండె పోతుంది, ఆపేయండి" అంటున్నాడు. గడ్డ రొమ్ములో ఉంటే మందు గుండె జోలికి ఎందుకు పోతుంది? మమ్మల్ని ఏం చేయమంటారు?

జవాబు: అమ్మగారి చికిత్సను ఆపకండి. ఈ మాట ముందు చెప్పి, తర్వాత కారణాలలోకి వెళతాను. చికిత్సను మధ్యలో మానేస్తే, చావకుండా మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరిగే అవకాశం ఉంటుంది. ఎకో తీయిస్తూ చికిత్స కొనసాగిస్తే, గుండెకు వచ్చే ఇబ్బందిని చాలావరకు తొలిదశలోనే పట్టుకోవచ్చు. మీ మేనమామగారి భయం ఉత్తిది కాదు, కానీ ఆ భయానికి విరుగుడు చికిత్స మానడం కాదని ఆయనకు నిదానంగా చెప్పండి.

మీరు చెప్పిన ఎర్రమందు డాక్సోరూబిసిన్ గానీ, అదే కుటుంబానికి చెందిన ఎపిరూబిసిన్ గానీ అయి ఉంటుంది. ఈ కుటుంబం పుట్టింది మట్టిలో. ఇటలీలోని అపూలియా ప్రాంతంలో, క్యాస్టెల్ డెల్ మాంటే అనే పాత కోట దగ్గరి మట్టిలో, ఎర్రటి పదార్థాన్ని తయారుచేసే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి 1950లలో దొరికింది. దాని నుండి మొదట డానోరూబిసిన్, తర్వాత డాక్సోరూబిసిన్ వచ్చాయి. ఆ తీరాన ఉన్న ఏడ్రియాటిక్ సముద్రం పేరు మీద డాక్సోరూబిసిన్‌కు ఏడ్రియామైసిన్ అనే పేరు కూడా పెట్టారు. అమ్మగారి ఫైలులో ఆ పేరే రాసి ఉండవచ్చు. మందు ఎక్కించిన తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావడం ఈ రంగు వల్లనే, అది రక్తం కాదు.

ఇక అసలు ప్రశ్న. కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్ఏకు నకలు తీసుకోవాలి. పొడవైన డీఎన్ఏ పోగు విప్పేకొద్దీ మెలికలు పడుతుంది. గద్వాలలోనో నారాయణపేటలోనో మగ్గం దగ్గర కాసేపు కూర్చున్నవారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది: పోగులు విప్పరానంతగా చిక్కుపడినప్పుడు నేతపనివారు ఒక పోగును తెంపి, చిక్కు తీసి, మళ్లీ ముడివేస్తారు. కణంలో ఆ పని చేసే ప్రోటీన్ పేరు టోపోఐసోమరేజ్-2. డాక్సోరూబిసిన్ వచ్చి, పోగు తెగి ఉన్న క్షణంలో ఆ ప్రోటీన్‌ను అక్కడికక్కడే బిగించేస్తుంది. తెగిన పోగు తెగినట్లే ఉండిపోతుంది, అలా తెగిన చోట్లు ఎక్కువైతే కణం చనిపోతుంది. వేగంగా విభజన చెందే క్యాన్సర్ కణాలలో ఈ ప్రోటీన్ యొక్క ఆల్ఫా రకం పుష్కలంగా ఉంటుంది కనుక దెబ్బ ఎక్కువగా వాటికే తగులుతుంది.

అయితే విభజన చెందని గుండె కండర కణాలలో కూడా ఈ ప్రోటీన్ యొక్క బీటా రకం ఉంటుంది. మందు దానినీ వదలదు. ఎలుకల గుండె కణాలలో ఈ బీటా రకానికి సంబంధించిన జన్యువును తొలగిస్తే డాక్సోరూబిసిన్ వల్ల గుండెకు కలిగే నష్టం బాగా తగ్గిపోయిందని అమెరికా పరిశోధకులు 2012లో చూపించారు. అంతకుముందు దశాబ్దాల పాటు, మందు ఇనుముతో కలిసి పుట్టించే చురుకైన ఆక్సిజన్ రేణువులే మొత్తం కారణమని భావించేవారు. ఆ కారణం కూడా పూర్తిగా తప్పు కాదు. ఈ మందు, కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా లోపొరలోని కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థానికి గట్టిగా అతుక్కుంటుంది, గుండె కణంలోనేమో దాదాపు మూడో వంతు మైటోకాండ్రియాతోనే నిండి ఉంటుంది. రోజుకు లక్షసార్లు కొట్టుకునే కండరానికి శక్తి అంతా అక్కడి నుండే రావాలి. కాలేయంలో కొన్ని కణాలు చనిపోతే పక్క కణాలు చీలి ఆ ఖాళీని పూడుస్తాయి, గుండెకు ఆ వెసులుబాటు దాదాపు లేదు. ఈ మందు విషయంలో గుండె మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచడానికి కారణం ఇదే.

ముప్పు ఎంత అనేది, జీవితకాలంలో ఎక్కించిన మొత్తం మోతాదు మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. 2003లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం, శరీర ఉపరితలం చదరపు మీటరుకు మొత్తం 400 మిల్లీగ్రాముల డాక్సోరూబిసిన్ అందినవారిలో సుమారు 5 శాతం మందికి, 550 అందినవారిలో 26 శాతం మందికి, 700 అందినవారిలో 48 శాతం మందికి గుండె వైఫల్యం వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కు సాధారణంగా ఇచ్చే నాలుగు విడతల పద్ధతిలో, విడతకు 60 చొప్పున, మొత్తం 240 మాత్రమే అవుతుంది. మీ మేనమామగారికి చూపించవలసిన లెక్క ఇదే.

ఎకోలో చూసేది, మన వాళ్లు "పంపింగ్" అని పిలుచుకునే శాతాన్ని, అంటే గుండె తనలోని రక్తంలో ఒక్కో కొట్టుకు ఎంత భాగాన్ని బయటికి నెడుతుందో ఆ లెక్కను. అది మొదటిసారి ఎంత ఉందో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. తర్వాత అది పది పాయింట్లకు మించి పడిపోయి, 50 కంటే కిందికి దిగితే వైద్యులు దానిని మందు ప్రభావంగా అనుమానిస్తారు. 2015లో ఇటలీ వైద్యులు 2,625 మంది రోగులను పరిశీలించి చెప్పిన సంగతి నాకు చాలా ధైర్యాన్నిచ్చింది. వారిలో 9 శాతం మందికి గుండె దెబ్బతిన్నది. ఆ కేసులలో 98 శాతం చికిత్స ముగిసిన మొదటి సంవత్సరంలోనే బయటపడ్డాయి. వెంటనే గుండె మందులు మొదలుపెట్టినందువల్ల వారిలో 82 శాతం మందికి ఎంతో కొంత మేరకు పంపింగ్ తిరిగి పెరిగింది. కాబట్టి కీమో అయిపోయింది కదా అని తర్వాతి ఎకోను వదిలేయకండి. పడుకుంటే ఆయాసం, పాదాల వాపు, నాలుగు మెట్లెక్కితేనే దమ్ము రావడం వంటివి కనిపిస్తే తర్వాతి విడత దాకా ఆగకుండా చెప్పండి. బీపీ, షుగర్ ఉంటే వాటిని అదుపులో ఉంచడం కూడా గుండెకు రక్షణే. ఎక్కించిన ప్రతి విడత మోతాదు రాసి ఉన్న కాగితాలను ఆరోగ్యశ్రీ ఫైలుతో పాటు జాగ్రత్త చేయండి. పదేళ్ల తర్వాత మరో వైద్యుడికి అవసరమయ్యేది ఆ సంఖ్యే.

ప్రశ్న (నాగర్‌కర్నూలు నుండి ఒక డిగ్రీ విద్యార్థి): ఊపిరితిత్తులు, కాలేయం, పేగులు, ఎముకలు, అన్నింటికీ క్యాన్సర్ వస్తుంది. గుండె క్యాన్సర్ అనే మాట ఎప్పుడూ వినలేదు. ఎందుకు?

జవాబు: గుండెకూ వస్తుంది, కానీ చాలా అరుదు. గుండెలో మొదలయ్యే గడ్డలలో పెద్దవారిలో ఎక్కువగా కనిపించేది మిక్సోమా; అది క్యాన్సర్ కాదు, ఆపరేషన్‌తో తీసేయవచ్చు. వేరే చోట పుట్టి గుండెకు పాకే క్యాన్సర్లు, గుండెలోనే పుట్టే వాటికంటే ఎక్కువ.

అరుదుగా ఉండటానికి ఒక ముఖ్య కారణం, గుండె కండర కణాలు దాదాపుగా చీలకపోవడం. కణం చీలిన ప్రతిసారీ డీఎన్ఏ నకలులో తప్పు దొర్లే అవకాశం ఉంటుంది, క్యాన్సర్ మొదలయ్యేది అలాంటి తప్పులు పోగుపడినప్పుడు. గుండె కణాలు ఎంత అరుదుగా కొత్తగా పుడతాయో తెలిసిన తీరు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. 1963కు ముందు ఆరుబయట జరిపిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అనే అణుధార్మిక కార్బన్ పెరిగిపోయింది. అది మొక్కలలోకి, ఆహారంలోకి, మనుషుల కణాలలోకి చేరింది; పరీక్షలు ఆగాక ఏటేటా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టిన ఏడాది గాలిలో కార్బన్-14 ఎంత ఉందో, దాని డీఎన్ఏలో అంతే ముద్ర పడుతుంది. స్వీడన్ శాస్త్రవేత్తలు ఈ ముద్రను చదివి, 25 ఏళ్ల వయసులో సంవత్సరానికి సుమారు 1 శాతం గుండె కండర కణాలు కొత్తవి వస్తాయని, 75 ఏళ్లకు అది 0.45 శాతానికి పడిపోతుందని 2009లో ప్రకటించారు. అంటే నిండు జీవితం గడిచాక కూడా మన గుండెలో సగానికి పైగా కణాలు పుట్టినప్పటివే.

క్యాన్సర్ నుండి గుండెను కాపాడుతున్న ఆ స్వభావమే, దెబ్బ తగిలినప్పుడు దానిని కోలుకోనివ్వదు. మొదటి ప్రశ్నకు ఇచ్చిన జవాబును దీనితో కలిపి చదవండి.

ప్రశ్న (సూర్యాపేట నుండి ఒక ల్యాబ్ టెక్నీషియన్): గుండె కణాలు చావకుండా ఆపే మందు ఇస్తే, అది క్యాన్సర్ కణాలను కూడా చావకుండా ఆపదా? పరిశోధకులు ఈ చిక్కును ఎలా విప్పుతున్నారు?

జవాబు: ఈ రంగంలో పనిచేసేవారంతా రోజూ వేసుకునే ప్రశ్ననే మీరు అడిగారు. దీనికి కొంత వివరంగా జవాబు రాయాలి.

ప్రయోగశాలలో నేను ఎన్నోసార్లు చూసిన దృశ్యంతో మొదలుపెడతాను. అప్పుడే పుట్టిన ఎలుక పిల్ల గుండె నుండి వేరుచేసిన కణాలను గాజు పళ్లెంలో, గులాబీ రంగు పోషక ద్రవంలో, 37 డిగ్రీల వేడిలో ఉంచితే, ఒకటి రెండు రోజులలో అవి వాటంతట అవే కొట్టుకోవడం మొదలుపెడతాయి. మొదట ఒక్కో కణం ఒక్కో తీరున అదురుతుంది. పక్కపక్క కణాలు ఒకదానికొకటి అతుక్కున్నాక, పళ్లెం అంతా ఒకే లయలో కదులుతుంది. అందులో డాక్సోరూబిసిన్ వేసి, తగిన కాంతి కింద చూస్తే, వేరే ఏ రంగూ కలపకుండానే కణకేంద్రకాలు నారింజ ఎరుపులో వెలుగుతాయి. ఆ వెలుగు మందుదే, అది డీఎన్ఏను పట్టుకుని కూర్చుందన్నమాట. మరునాటికి లయ తప్పుతుంది. కొన్ని చోట్ల వేగంగా, కొన్ని చోట్ల ఆగి ఆగి కొట్టుకుంటాయి. కొన్ని కణాలు ముడుచుకుని గుండ్రంగా మారి పళ్లెం అడుగు నుండి ఊడిపోతాయి.

ఇప్పుడు మనం కనిపెట్టిన రక్షక పదార్థమేదో ముందుగా వేసి, తర్వాత డాక్సోరూబిసిన్ వేశామని అనుకుందాం. మరునాడు కూడా లయ చక్కగా ఉంది. సంతోషించవలసిందే, కానీ పని అక్కడితో అయిపోలేదు. పక్కనే రెండో పళ్లెం ఉండాలి, అందులో రొమ్ము క్యాన్సర్ కణాలు ఉండాలి, వాటికీ అదే రక్షక పదార్థం, అదే మందు, అదే మోతాదులో వేయాలి. అక్కడ కణాలు ఎప్పటిలా చనిపోతేనే మనకు ఏదైనా దొరికినట్లు. అక్కడ కూడా కణాలు హాయిగా బతికి ఉంటే, మనం కనిపెట్టింది క్యాన్సర్‌కు కవచం. పత్రికలలో గుండెకు మేలుచేసే కొత్త పదార్థం గురించి చదివినప్పుడు, రెండో పళ్లెంలో ఏం జరిగిందని అడగడం ఎవరైనా అలవాటు చేసుకోవచ్చు.

ఈ చిక్కు ఎందుకు వచ్చిందంటే, చావుబతుకులను నిర్ణయించే మీటలు రెండు కణాలలోనూ ఒకటే. కణం తనను తాను క్రమపద్ధతిలో కూల్చుకునే విధానానికి 1972లో అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. దానికి అడ్డుపడే ప్రోటీన్ బీసీఎల్-2. ఈ ప్రోటీన్ మొదట దొరికింది లింఫోమా అనే క్యాన్సర్‌లోనే. అక్కడ అది మితిమీరి తయారై, చావవలసిన కణాలను బతికిస్తుంది. అదే ప్రోటీన్‌ను ఎలుక గుండెలో ఎక్కువగా తయారయ్యేలా చేస్తే, రక్తం ఆగి తిరిగి ప్రవహించినప్పుడు కలిగే నష్టం తగ్గుతుంది. ఒకచోట దానిని అణచాలి, అందుకోసం వెనెటోక్లాక్స్ అనే మందు 2016 నుండి వాడుకలో ఉంది. ఇంకోచోట దానిని కాపాడుకోవాలి. ఏకేటీ అనే మరో ప్రోటీన్ కథ కూడా అంతే: గుండెపోటు వేళ గుండె కణాన్ని నిలబెట్టే గొలుసులో అది ఒక ముఖ్యమైన కొక్కెం, చాలా క్యాన్సర్లలో అదే అదుపు తప్పి ఉంటుంది.

గుండెను కాపాడటం మీద పరిశోధన ఎప్పటి నుండో ఉంది. అమెరికాలో 1986లో కుక్కల మీద చేసిన ఒక ప్రయోగంలో, గుండె రక్తనాళాన్ని 40 నిమిషాలు మూసే ముందు, ఐదేసి నిమిషాలు నాలుగుసార్లు మూసి తెరిచారు. చిన్న దెబ్బలు తిని సిద్ధపడిన గుండెలో చచ్చిపోయిన కండరం, సిద్ధపడని గుండెతో పోలిస్తే నాలుగో వంతే ఉంది. ఈ రక్షణ మైటోకాండ్రియాలోని ఒక రంధ్రం తెరుచుకోకుండా చూడటంతో ముడిపడి ఉందని తర్వాత తేలింది. ఆ రంధ్రాన్ని మూసే సైక్లోస్పోరిన్ అనే మందును గుండెపోటు రోగులకు ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష 2015లో ఫలితం చూపలేకపోయింది. జంతువుల గుండెలో నెగ్గినది మనిషి గుండెలో నెగ్గుతుందన్న నమ్మకం లేదని ఆ పరీక్ష గట్టిగానే నేర్పింది.

కీమో రోగుల విషయంలో ఇప్పటికే చేతిలో ఉన్నది డెక్స్‌రజోక్సేన్. ఇది ఇనుమును పట్టి ఉంచుతుంది, పైన చెప్పిన బీటా రకం ప్రోటీన్‌ను కూడా గుండె కణాలలో తగ్గిస్తుంది. అమెరికాలో 1995లో దీనికి అనుమతి వచ్చింది. రెండో పళ్లెం భయం దీనినీ వదలలేదు. 1997లో వెలువడిన ఒక పరీక్షలో, ఇది తీసుకున్నవారిలో గడ్డ కరగడం కొంత తక్కువగా కనిపించింది, అయితే బతికిన కాలంలో తేడా రాలేదు. పిల్లలలో దీనివల్ల మరో క్యాన్సర్ వస్తుందేమోనన్న అనుమానంతో ఐరోపా నియంత్రణ సంస్థ 2011లో పిల్లలకు వాడవద్దని చెప్పింది. తర్వాత వచ్చిన ఆధారాలను చూసి, ఎక్కువ మోతాదు అవసరమయ్యే పిల్లల విషయంలో 2017లో ఆ నిషేధాన్ని సడలించింది. అనుమానం రావడం, ఆపడం, లెక్కలు చూసి మళ్లీ అనుమతించడం, ఇదంతా సవ్యంగా జరిగిన పనే అని నా అభిప్రాయం.

నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నది, రెండు పళ్లాలలోనూ కావలసిన ఫలితమే ఇచ్చే మార్గం. 2018లో ఇటలీ పరిశోధకులు పీఐ3కే-గామా అనే ఎంజైమును అడ్డుకున్నప్పుడు, డాక్సోరూబిసిన్ ఇచ్చిన ఎలుకల గుండెలు నిలబడ్డాయి, గడ్డల పెరుగుదల కూడా తగ్గింది. గుండె కణంలో పాడైన మైటోకాండ్రియాను ఏరిపారేసే శుభ్రత పనిని ఆ మందు ఆపేస్తే, ఈ అడ్డు దానిని తిరిగి నడిపించింది. గడ్డ దగ్గరేమో రోగనిరోధక కణాలకు పట్టు దొరికింది. ఇది ఎలుకల మాట. మనుషుల విషయంలో, కొలెస్ట్రాల్‌కు మన ఊళ్లలో కూడా రాసే అటోర్వాస్టాటిన్‌ను 300 మంది లింఫోమా రోగుల మీద పరీక్షించి, పంపింగ్ గణనీయంగా పడిపోయినవారు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 22 శాతం, అసలు మాత్ర వేసుకున్నవారిలో 9 శాతం అని 2023లో తేల్చారు. దీనిని చదివి ఎవరూ సొంతంగా మాత్రలు కొనుక్కోవద్దు, వైద్యులను అడగండి.

ప్రశ్న (జడ్చర్ల దగ్గరి ఒక రైతు): మాకు సీతాఫలం చెట్లు ఉన్నాయి. ఆకుల కషాయం, గింజల పొడి క్యాన్సర్‌ను చంపుతాయని, గుండెకూ మంచివని వీడియోలలో చెబుతున్నారు. మా నాన్నకు కీమో నడుస్తున్నది. ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వవద్దు. కషాయమూ వద్దు, గింజల పొడి అసలే వద్దు.

మీ ప్రాంతపు బాలానగర్ సీతాఫలం దేశమంతా పేరున్న రకం, ఆ పండు మీద నాకు ఎంతో మక్కువ. ఆ వీడియోలలోని మాటకు ఒక మూలం కూడా ఉంది. సీతాఫలం కుటుంబంలోని చెట్ల ఆకులలో, గింజలలో ఎసిటోజెనిన్లు అనే పదార్థాలు ఉంటాయి, గాజు పళ్లెంలోని క్యాన్సర్ కణాలను అవి నిజంగానే చంపుతాయి. ఎలా చంపుతాయో చూడండి: మైటోకాండ్రియాలో శక్తి తయారీకి మొదటి మెట్టయిన కాంప్లెక్స్-1 అనే ప్రోటీన్ల కూటమిని ఆపేస్తాయి. ఇప్పుడు రెండో పళ్లెం సంగతి ఆలోచించండి. మైటోకాండ్రియా మీద అందరికంటే ఎక్కువగా ఆధారపడి బతికేవి గుండె కణాలు, నరాల కణాలు. కీమో వల్ల ఇప్పటికే అలసిన మైటోకాండ్రియా మీద ఇంకో దెబ్బ వేసినట్లు అవుతుంది. కరీబియన్ దీవులలోని గ్వాడెలూప్‌లో, మందులకు సరిగా లొంగని ఒక రకం వణుకుడు జబ్బు మామూలుకంటే ఎక్కువగా కనిపించడానికీ, అక్కడివారు లక్ష్మణఫలం పండ్లను, ఆకుల కషాయాన్ని ఎక్కువగా వాడటానికీ సంబంధం ఉందని వైద్యులు 1999లో గుర్తించారు. లక్ష్మణఫలం మన సీతాఫలానికి దగ్గరి చుట్టం. గింజల పొడి తలలో పేలకు రాసుకున్నప్పుడు కంట్లో పడి కన్ను దెబ్బతిన్నవారి గురించి మీరు వినే ఉంటారు.

పండిన పండును కార్తెలో అందరిలాగే తినడం వేరు సంగతి. షుగర్ లేకపోతే, వైద్యులు కాదనకపోతే నాన్నగారికి గింజలు తీసి పెట్టండి. ఇదే సందర్భంలో నల్లగొండ నుండి ఇద్దరు బత్తాయి రసం గురించి, విటమిన్ మాత్రల గురించి అడిగారు. ఇంట్లో శుభ్రంగా తీసిన బత్తాయి రసం ఆహారమే. ఎక్కువ మోతాదు యాంటీఆక్సిడెంట్ మాత్రలను మాత్రం కీమో నడిచేటప్పుడు వైద్యులకు చెప్పకుండా వేసుకోవద్దు. విటమిన్ ఇ మాత్రలు మనుషులలో డాక్సోరూబిసిన్ నుండి గుండెను కాపాడలేకపోయాయి. పైగా ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న ఎలుకలకు విటమిన్ ఇ ఇస్తే గడ్డలు మరింత వేగంగా పెరిగాయని 2014లో స్వీడన్‌లో చూశారు.

ప్రశ్న (దేవరకొండ నుండి): మా అక్కకు ఎడమ రొమ్ముకు కరెంటు పెట్టాలన్నారు. గుండె అటువైపే కదా, ప్రమాదమా?

జవాబు: రేడియేషన్ గుండెకు ఎంత తగిలితే అంత ముప్పు అన్నది నిజమే. గుండెకు సగటున అందే ప్రతి ఒక్క గ్రే (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) మోతాదుకూ గుండెజబ్బు ముప్పు 7.4 శాతం చొప్పున పెరిగిందని 2013 నాటి ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. ఆ లెక్క పాత యంత్రాల కాలపు రోగులది. ఇప్పుడు గుండెకు తగిలే మోతాదును బాగా తగ్గించగలుగుతున్నారు. ఛాతీ నిండా గాలి పీల్చి బిగబట్టినప్పుడు గుండె రొమ్ము గోడకు దూరంగా జరుగుతుంది, ఆ కొద్ది సెకన్లలోనే కిరణాలు పంపే పద్ధతి ఉంది. అది తనకు కుదురుతుందా అని వైద్యులను అడగమని మీ అక్కకు చెప్పండి. ఇంట్లో నాలుగు రోజులు ఊపిరి బిగబట్టడం సాధన చేస్తే ఆమెకు తేలికవుతుంది.

ప్రశ్న (నల్లగొండ నుండి ఒక ఉపాధ్యాయుడు): మా పెద్దనాన్న, ఆయన కుమారుడు ఇద్దరూ 50 నిండకుండానే గుండె కండరం బలహీనపడి చనిపోయారు. ఇప్పుడు మా బాపుకు లింఫోమా అని తేలింది, కీమో ఇవ్వాలంటున్నారు. ఈ కుటుంబ చరిత్రను వైద్యులకు చెప్పవలసిన అవసరం ఉందా?

జవాబు: తప్పకుండా చెప్పండి, మొదటి విడత ఎక్కించేలోపే చెప్పండి. ఎవరు, ఏ వయసులో, ఏ జబ్బుతో పోయారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

దీనికి మన హైదరాబాదులోనే తేలిన ఒక కారణం ఉంది. గుండె కండరంలో ఎంవైబీపీసీ3 అనే జన్యువు తయారుచేసే ప్రోటీన్, కండర పోగులను క్రమంగా పట్టి ఉంచుతుంది. ఈ జన్యువులో 25 అక్షరాలు రాలిపోయిన రూపం భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉందని, అది ఉన్నవారికి నడివయసు దాటాక గుండె కండరం బలహీనపడే ముప్పు ఎక్కువని హబ్సీగూడలోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు ఇతరులతో కలిసి 2009లో వెల్లడించారు. నూరు మందిలో నలుగురంటే చిన్న సంఖ్య కాదు. మీ పాఠశాలలోనే ఎందరికి ఉండవచ్చో లెక్క వేసుకోండి. ఇది ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు. మరోవైపు, కీమో వల్ల గుండె దెబ్బతిన్నవారిలో టైటిన్ అనే పెద్ద కండర ప్రోటీన్ జన్యువులో లోపాలు మామూలు జనంలో కంటే ఎక్కువగా ఉన్నాయని విదేశీ అధ్యయనాలు చూపాయి. ఒకే మందు, ఒకే మోతాదు ఒకరి గుండెకు ఏమీ చేయక, మరొకరి గుండెను కుంగదీయడానికి ఇది ఒక కారణం.

జన్యు పరీక్ష చేయించాలా వద్దా అన్నది వైద్యుల నిర్ణయం. దానికంటే ముందు బాపుగారికి ఎకో, ఈసీజీ, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్) పరీక్ష చేయించి, ఆ అంకెలను దగ్గర పెట్టుకుని చికిత్స మొదలుపెట్టడం ముఖ్యం. ఆయన తోబుట్టువులు, మీరు కూడా ఒకసారి ఎకో చేయించుకుంటే మంచిది.

ప్రశ్న (వనపర్తి నుండి ఒక ఇంటర్ విద్యార్థిని): నేను బైపీసీ చదువుతున్నాను. డాక్టర్ కావడం కంటే కణాల మీద పరిశోధన చేయాలని ఉంది. తెలుగు మీడియంలో చదివినవారికి ఇది సాధ్యమేనా?

జవాబు: సాధ్యమేనమ్మా. ఈ నెల రాసిన విషయాలన్నింటి వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. గుండె ప్రతి కొట్టుకూ ఖర్చుచేసే శక్తి నాణెం ఆ ఏటీపీయే. ఒక్క రోజులో గుండె దానిని సుమారు 6 కిలోల మేర వాడి, మళ్లీ తయారుచేసుకుంటుంది. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన ఆధ్వర్యంలోనే అమినోప్టెరిన్ తయారైంది. దానిని సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి, కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. గుండె శక్తి, క్యాన్సర్ మందు, రెండూ ఒకే మనిషి చేతుల మీదుగా నడిచాయి.

డిగ్రీలో జీవశాస్త్రంతో పాటు రసాయనశాస్త్రాన్ని వదలకండి, లెక్కలంటే దూరం జరగకండి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే పరిశోధన కాలంలో ప్రతినెలా భృతి అందుతుంది, ఇంటి మీద భారం పడదు. ఆంగ్లం చదవగా చదవగా వస్తుంది, నాకు అలాగే వచ్చింది.

అంతవరకు ఆగనవసరం లేదు. ఊరి చెరువులో దొరికే హైడ్రిల్లా మొక్క లేత ఆకు ఒకటి తెచ్చి, కాలేజీ ల్యాబులో నీటిచుక్కలో పెట్టి, సూక్ష్మదర్శిని కింద పది నిమిషాలు ఓపికగా చూడండి. మొదట పచ్చటి చుక్కలు కదలనట్లే ఉంటాయి. దీపం వేడి తగిలాక అవి కణం అంచు వెంబడి ఒకదాని వెనుక ఒకటి తిరగడం మొదలుపెడతాయి. అన్ని కణాలలోనూ ఒకే దిశలో తిరుగుతున్నాయా, పక్క కణంలో ఎదురు దిశలో తిరుగుతున్నాయా, ఎంతసేపటికి వేగం మారింది, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసి, బొమ్మ గీసి నాకు పంపండి.